సమూహ పక్షపాతం: దొనకొండ భూముల ఉదంతం

సలహా అడిగిన గుంపులో అందరి లాభమూ ఒకవైపే ఉంటే జవాబులన్నీ అటే మొగ్గడాన్ని సమూహ పక్షపాతం అనొచ్చు. ఇందులో ఎవరూ అబద్ధమాడనక్కర్లేదు.

ప్రకాశం జిల్లా పశ్చిమాన, గుంటూరు–నంద్యాల రైలు మార్గం మీదున్న దొనకొండ ఇందుకు మంచి ఉదాహరణ. 2014లో రాష్ట్రం విడిపోగానే ఇక్కడే రాజధాని అన్న ప్రచారం లేచింది. విస్తారమైన ప్రభుత్వ భూమి, బ్రిటిష్ కాలపు విమానాల రన్‌వే ఉండటంతో ఆ మాట నమ్మదగ్గదిగానే తోచింది. అక్కడి భూముల ధరలు ఎగిశాయి. 2014 సెప్టెంబరు 4న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు శాసనసభలో విజయవాడ పరిసరాల పేరు ప్రకటించారు. 2019లో మళ్లీ అదే ప్రచారం. ఆ డిసెంబరులో ప్రభుత్వం నోట వినిపించిన మూడు రాజధానుల ప్రతిపాదనలోనూ దొనకొండ లేదు.

ఇలాంటి వేళ "కొనొచ్చా అన్నా?" అని అడిగితే బదులిచ్చేదెవరు? కమీషన్ మీద బతికే మధ్యవర్తి, బయానా ఇచ్చేసి మారుబేరం కోసం చూస్తున్నవాడు, ముందే కొన్నవాడు. వద్దనుకున్నవాడు ఆ గుంపులోనే ఉండడు. అసలు చిక్కు అదే. పదిమంది చెప్పారన్నది కూడా లెక్కకు రాదు, పదిమందీ విన్నది ఒక్కచోటే కావచ్చు. ఇలాంటి గుంపును గుర్తుపట్టాలంటే ఎదురుప్రశ్న వేసి చూడాలి: ఈసీ (భూమి లావాదేవీల ధ్రువపత్రం) తీశారా, అడంగల్‌లో (గ్రామ భూముల సాగు రికార్డులో) ఎవరి పేరుంది, ప్రభుత్వం పేదలకు పంచిన అసైన్డ్ భూమి కాదు కదా? దానికి కాగితం చూపకుండా "నీకు అదృష్టం లేదులే" అన్నారంటే అక్కడ దొరికేది సలహా కాదు, బేరం.