జపాను అల, పెడన దుప్పటి

ఇలా కూర్చోరా. నీ అమీర్‌పేట క్లాసు ఎక్కడికీ పోదు. మైత్రీవనం దగ్గర ఒక బ్యాచి వెళితే ఇంకో బ్యాచి తయారు. నీ ల్యాప్‌టాప్ మూత మీద అంటించుకున్నావే ఆ అల బొమ్మ, అదేంటో తెలుసా? పంజాగుట్టలో పేవ్‌మెంటు మీద కొన్నావు, అంతేగా!

హొకుసాయ్ అనే జపాను ముసలాయన 1831 ప్రాంతంలో వేశాడు దాన్ని. అప్పటికే డెబ్బై దాటాయి, నాలాగా నడుం పట్టుకునే వయసు. అందరూ అలనే చూస్తారు. కింద చూడు: మూడు పడవలు, తెడ్ల మీద బోర్లా పడిపోయిన మనుషులు. చేప పాడయ్యేలోపు పట్నం బజారుకి చేర్చే పడవలవి. మా బందరు గిలకలదిండిలోనూ అదే కంగారు. పొద్దెక్కితే చేప సగం ధరకొచ్చేది. అందుకే మా అమ్మ నన్ను కావాలని ఆలస్యంగా పంపేది. ఆవిడ పొదుపు గురించి మొదలెడితే తెల్లారుతుందిగానీ, అసలు సంగతి విను.

అది చేత్తో వేసి అమ్మిన బొమ్మ కాదు, అద్దకం. గీసేవాడొకడు, చెక్కేవాడొకడు, అద్దేవాడొకడు, డబ్బు పెట్టేవాడొకడు. గీసిన పల్చటి కాయితాన్ని చెర్రీ చెక్క మీద బోర్లా అంటించి, దాంతోసహా చెక్కేసేవాళ్లు. అసలు బొమ్మ అక్కడితో సరి! అప్పట్లో ఒక్కోటీ రెండు గిన్నెల నూడుల్స్ ఖరీదు, అటూ ఇటూగా. 2023లో న్యూయార్కు వేలంలో ఒక ప్రతి 27 లక్షల డాలర్లు దాటింది. నువ్వు మాత్రం నూడుల్సే తిను.

బందరు పక్కన పెడనలో ఇదే పని గుడ్డ మీద. టేకు అచ్చులు; కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరేసిన బట్ట; నలుపు కోసం తుప్పు ఇనుము, బెల్లం ఊరేసిన కుండ. దాని మూత తీస్తే వీధంతా వాసనే! అచ్చు ఆనించి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దితే పువ్వు దిగేది. డెబ్బైల్లో నేను అమీర్‌పేటలో కాపురం పెట్టినప్పుడు ఆ దుప్పట్లు మూటగట్టుకుని గుమ్మంలోకొచ్చేవాళ్లు. నెలకి ఐదు రూపాయల వాయిదా, కాయితం లేదు, మాటే పత్రం. మంచినీళ్లడిగితే మజ్జిగివ్వడం మర్యాద.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా, మనకవి ఉత్త దుప్పట్లు. 1605లో బందరు రేవుకొచ్చిన డచ్చివాళ్లు మాత్రం మన తీరపు అద్దకాల్ని ఓడలకెత్తి జపాను దాకా మోశారు. అక్కడ చిన్న ముక్క కూడా పారెయ్యకుండా టీ పొడి జాడీలకి సంచులు కుట్టుకున్నారట. మీ నానమ్మా అంతే, చిరిగిన దుప్పటిని చింపి ఆవకాయ జాడీకి వాసెన కట్టేది. నూనె మరకలతో సహా వేలానికి పెడితే ఎంతొస్తుందో నీ ల్యాప్‌టాప్‌నడుగు.