ఇంటిపేరు చెప్పేది సగమే

విదేశాల్లో పుట్టిన పిల్లలకు తాతముత్తాతల ఊళ్లు చూపించాలని తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు వచ్చే కుటుంబాలు ముందుగా పట్టుకునేది ఇంటిపేరునే. వేమూరివారు వేమూరులో, కొల్లూరివారు కొల్లూరులో, చెరుకూరివారు చెరుకూరులో మూలాలు వెతుక్కుంటారు. అది సహజమే. కానీ ఊళ్లో అందరిదీ ఒకే ఊరైనప్పుడు ఊరి పేరుతో ఒక్క ఇంటిని పిలవాల్సిన అవసరమేముంది? ఆ కుటుంబం మరో ఊరు చేరాకే పాత ఊరు ఇంటిపేరయింది. అంటే ఇంటిపేరు వలసకు గుర్తు. ఎప్పుడు కదిలారో, ఎందుకు కదిలారో అది చెప్పదు. ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల్లో ఉంటుంది కాబట్టి అది రక్తసంబంధానికీ రుజువు కాదు. మిగతా సగం ఊరి కాగితాల్లో ఉంది.

స్కాట్లాండులో చిన్న పట్నాలకు వెళ్లి పూర్వీకులను వెతికేవారికి చర్చి పుస్తకాలు ఆధారం. మన ఊళ్లకు అలాంటి ఆధారాన్ని కూడబెట్టించినవాడు కూడా ఒక స్కాట్లాండు చిన్న పట్నంవాడే కావడం విశేషం. లూయిస్ దీవిలోని స్టోర్నొవేలో పుట్టిన సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వారి సహచరులు కరణాల దగ్గర ఊరి వృత్తాంతాలు సేకరించారు. అవే కైఫియత్తులు. గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, మాన్యం ఎవరికి దక్కింది, కరణీకం ఏ ఇంటిది అన్నవి వాటిలో ఉంటాయి. మెకంజీ 1821లో చనిపోయాడు. 1832-33లో నందన కరువు గుంటూరు సీమలో లక్షకు పైగా జనాన్ని బలిగొని, బతికినవారిని చెల్లాచెదురు చేసింది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కాలవ నీళ్ల వెంట కొత్త కుటుంబాలు వచ్చాయి. ఈ రెండు కుదుపులకు ముందు ఊరు ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యం కాబట్టే కైఫియత్తులకు అంత విలువ.

కరణం తన హక్కులు నిలుపుకోవడానికి చెప్పించిన మాటల్ని నమ్మవచ్చా, వాటిలో కూలివాడి పేరు ఏదీ అని అడిగితే, ఆ ప్రశ్న న్యాయమైనదే. మాన్యం ఎంత పాతదన్న చోట అతిశయోక్తి ఉండవచ్చు, స్థలపురాణం చరిత్రలో కలిసిపోయి ఉండవచ్చు. అందుకే ఒక్క కాగితంతో ఆగకూడదు. 1858 తర్వాత ఇనాం కమిషన్ రాయించిన రిజిస్టర్లలో పూజారులతోపాటు ఊరి సేవకు మాన్యం పొందిన చాకలి, మంగలి, వెట్టివారి లెక్కలూ ఉన్నాయి. 1842లో గుంటూరులో మొదలైన లూథరన్ మిషన్ ఈ పల్లెలకు విస్తరించింది. చర్చిల బాప్తిస్మ పుస్తకాలు భూమిలేని ఇళ్ల పేర్లను కూడా ఎక్కించుకున్నాయి. ఒకటి వదిలేసినవారు మరొకదానిలో దొరుకుతారు.

ఈ కాగితాలకు చాలా ముందు, ఇంటిపేరే లేని కాలంలో కుటుంబం తనను తాను ఎలా చెప్పుకునేదో తెనాలి-రేపల్లె రైలు దారిలోని భట్టిప్రోలు చూపిస్తుంది. 1892లో అక్కడి స్తూపంలో అలెగ్జాండర్ రీ వెలికితీసిన ధాతు పేటికల్లో ఒకదాని మీది దాతలు కుర తండ్రి, కుర తల్లి, కుర, శివ. తల్లిదండ్రుల సొంత పేర్లు లేవు. బిడ్డ పేరుతోనే వారు తెలిశారు. ఫలానావాడి అమ్మ, ఫలానావాడి నాన్న అని మన పల్లెలు ఇప్పటికీ అంటున్నాయి. రెండు వేల ఏళ్లు దాటినా ఆ నలుగురు మనకు తెలియడానికి కారణం వంశనామం కాదు, తమ ఊళ్లో ఒక రాతి మీద చెక్కించుకున్న నాలుగు మాటలు. మన తాతల కోసం వెతకాల్సిందీ అలాంటి మాటలే.