సింహమును గీచిన చేతులు



మన రాయలసీమ పెద్దలకు తోలుబొమ్మలాట క్రొత్త కాదు. దీపపు వెలుగులో బొమ్మ కదలగానే, అది వట్టి తోలేయని యెరిగియు జనులు కన్నీరు విడుతురు. గీచిన బొమ్మలను సెకనుకు 24 చొప్పున తెరపై పరుగెత్తించు కార్టూను చిత్రము ఆ యాటకు దూరపు చుట్టము. అట్టి చిత్రమొకటి ప్రభువు సిలువను పిల్లలకు ఎట్లు జ్ఞాపకము చేసెనో ఆలకించుడి.

సి. ఎస్. లూయిస్ 1898లో బెల్‌ఫాస్టులో జన్మించి, ఆక్స్‌ఫర్డులో సాహిత్యము బోధించెను. యౌవనమున దేవుడు లేడన్నవాడు 1931లో క్రీస్తును విశ్వసించెను. 1939లో యుద్ధభయముచేత నగరముల పిల్లలను పల్లెపట్టులకు పంపినప్పుడు కొందరు ఆయన యింట దిగిరి. 1950లో ఆయన ప్రకటించిన కథలోని నలుగురు పిల్లలును అట్లే పరాయి యింటికి వచ్చినవారు. వారు బట్టల బీరువాలో దూరి, మంచు కప్పిన నార్నియా దేశము చేరుదురు. ఎడ్మండు అను బాలుడు మిఠాయికి ఆశపడి తోడబుట్టినవారిని మంత్రగత్తెకు పట్టియిచ్చును. ద్రోహి ప్రాణము తనదని ఆమె ధర్మశాస్త్రము పలుకగా, అస్లాను అను సింహము వాని బదులు రాతిబల్లపై చంపబడి, తెల్లవారుసరికి తిరిగి లేచును.

ఈ కథను తెరకెక్కించుటకు లూయిస్ జంకెను. మాటలాడు జంతువులను మనుష్యులు వేషముకట్టి చూపినచో అది నవ్వులాటయో పీడకలయో యగునని 1959లో ఒక జాబులో తెలిపెను. అస్లాను వేషము మనుష్యుడు కట్టుట ఆయనకు దైవదూషణతో సమానము. గీచిన బొమ్మలైనచో వేరుమాట యని మాత్రము ఒప్పుకొనెను. 1963లో ఆయన ప్రభువునందు నిద్రించెను.

అటుపిమ్మట పదునారేండ్లకు ఆ బొమ్మల చిత్రము వచ్చెను. దానిని నిర్మించినవారిలో అమెరికాలోని ఎపిస్కోపల్ రేడియో టీవీ ఫౌండేషను ఒకటి. నంద్యాల సీమకు సువార్త తెచ్చిన ఎస్.పి.జి. మిషను ఏ ఆంగ్లికన్ కుటుంబములోనిదో, ఈ సంస్థయు లూయిస్‌యు ఆ కుటుంబములోనివారే. దర్శకుడు బిల్ మెలెండెజ్ మెక్సికోలో పుట్టినవాడు. 1965లో ఆయన తీసిన క్రిస్మసు కార్టూనులో ఒక బాలుడు లూకా సువార్త 2వ అధ్యాయమునుండి ప్రభువు జననమును చెప్పును. నార్నియా చిత్రము 1979 ఏప్రిల్ 1, 2 తేదీలలో, ఈస్టరుకు రెండు వారములు ముందు, అమెరికా టెలివిజనులో ప్రసారమై, ఆ యేటి ఎమ్మీ బహుమానము పొందెను. పిల్లల చిత్రమే యైనను సింహము మరణమును దాచలేదు.

అంతకు కొద్దినెలల ముందే, 1978లో, మన తెలుగున ‘కరుణామయుడు’ వచ్చినది. విజయచందర్ ప్రభువు పాత్ర ధరించెను. దానిని చూచి సిలువను తలంచి యేడ్చినవారు మన సంఘములలో అనేకులు. అది మేలే. అయితే నటుని ముఖమే ప్రభువు ముఖమని మనస్సు పట్టుకొను అపాయమును గలదు. గీచిన సింహమునకు ఎవడును మ్రొక్కడు. బొమ్మ తాను బొమ్మనేయని ఒప్పుకొని, అవతలివానిని చూపి తప్పుకొనును. లూయిస్ జంకులోని వివేకమిదియే.

ప్రకటన గ్రంథము 5వ అధ్యాయమును తెరచి చూడుడి. యూదా గోత్రపు సింహమని యోహాను వినెను. కన్నులెత్తి చూడగా వధింపబడిన గొఱ్ఱెపిల్ల కనబడెను. నార్నియా కథలోను అంతే: బలముగల సింహము గొఱ్ఱెపిల్లవలె కట్లకు లోబడును.

తలిదండ్రులారా, నేడు బండి ఆత్మకూరు పొలములలోను చేతి ఫోనులో చిత్రములు ఆడుచున్నవి. పిల్లలను ఒంటరిగా వాటికి అప్పగింపకుడి. ప్రక్కను కూర్చుండి చూడుడి. చిత్రము ముగిసిన తరువాత ఒక్క ప్రశ్న అడుగుడి: “ఆ ద్రోహి బదులు ఎవరు చనిపోయిరి? నీ బదులు ఎవరు?” తెర ఆ రెండవ ప్రశ్న అడుగజాలదు. అది మీరే అడుగవలెను.