బొగ్గు బస్సులు

చిత్తూరు నుండి మొగిలి కనుమ మీదుగా పలమనేరుకును, తిరుపతి నుండి భాకరాపేట కనుమ మీదుగా పీలేరుకును నేడు బస్సులు అవలీలగా సాగిపోవుచున్నవి. ఎనుబది యేండ్ల క్రిందట అవే కనుమలు బస్సు తోలువానికిని, ఎక్కినవారికిని గొప్ప పరీక్షగా నుండెడివి. దారి నిటారుగా నుండుట ఒక కారణము. ఇంజనునకు దొరకిన మేత అంతకు మించిన కారణము. ఆనాటి బస్సు వెనుక భాగమున నిలువెత్తు ఇనుప పొయ్యి యొకటి బిగించియుండెడిది. అందులో కట్టెబొగ్గు కాలుచుండెడిది. జనము దానిని బొగ్గు బస్సు అనిరి. ఆ పొయ్యి ఎట్లు వచ్చినది, ఏమి చేసినది, ఎట్లు పోయినది అను సంగతులు మేమిక్కడ చెప్పదలచినాము.

రెండవ ప్రపంచయుద్ధము నడుచుచుండగా 1941లో మన దేశమున పెట్రోలుకు రేషను వచ్చినది. మరుసటి యేడు బర్మా చేయిజారినది. జపానువారి చేతికి చిక్కకూడదని 1942 ఏప్రిలులో ఆంగ్లేయులే యెనంజావుం నూనెబావులను పాడుచేసి వెనుకకు మరలిరి. ఆ నెల 6వ తేదీననే విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు పడినవి. మదరాసు నగరవాసులు మూటాముల్లె సర్దుకొని లోనాడులకు తరలసాగిరి. బస్సుల అక్కర పెరిగిన నెలలోనే పెట్రోలు అడుగంటినది. చిత్తూరు జిల్లాకు ఇది చిన్న చిక్కు కాదు. పలమనేరు, పుంగనూరులకు రైలు లేదు. మదనపల్లెకు రైలున్నదన్న మాటే గాని, స్టేషను ఊరికి మైళ్ల దూరమున నున్నది. బస్సు ఆగినచో సంతకు పోవలసిన రైతు, కోర్టు వాయిదాకు చిత్తూరు చేరవలసిన కక్షిదారు ఎద్దుబండిని నమ్ముకొనవలసినదే.

అప్పుడు మదరాసు రాష్ట్రమంతటా బస్సుల యజమానులు బొగ్గు గ్యాసు వైపు మరలిరి. మధురలో టి.వి. సుందరం అయ్యంగారి సంస్థ ఇట్టి గ్యాసు ప్లాంట్లను తయారుచేసినది. అందులోని సూత్రము సులభమైనది. ఎర్రగా కాలుచున్న బొగ్గుల గుండా కొద్దిపాటి గాలిని లాగినచో, మొదట పుట్టిన బొగ్గుపులుసు వాయువు పైనున్న వేడి బొగ్గులను తాకి కార్బన్ మోనాక్సైడుగా మారును. అది మండు వాయువు. దానిని గొట్టములలో చల్లార్చి, గుడ్డ సంచులలోను కొబ్బరి పీచులోను వడగట్టి, ఇంజనునకు అందింతురు. పెట్రోలు ఇంజనులో కార్బురేటరు అను భాగము సన్నని రంధ్రము గుండా పెట్రోలును తుంపరచేసి గాలిలో కలుపును. గ్యాసునకు ఆ తుంపర పనియే లేదు. కార్బురేటరునకును ఇంజనునకును నడుమ మరియొక గొట్టము అతికి, గ్యాసును గాలిని ఇంచుమించు సమపాళ్లలో కలుపు కవాటమొకటి అమర్చిన చాలును. పాత కార్బురేటరును తీసివేయక అట్లే యుంచిరి. బయలుదేరునప్పుడు ఒకింత పెట్రోలు త్రాగించి, పిమ్మట గ్యాసునకు మార్చుటకు అది పనికివచ్చెడిది.

వినుటకు సులభము గాని, చేయువాని కష్టము చేయువానికే తెలియును. తెల్లవారుజామున క్లీనరు లేచి, నిన్నటి బూడిదను చిట్టెమును గోకి తీసి, బొగ్గు నింపి, నిప్పంటించి, చేతితో త్రిప్పు పంకాను పది పదునైదు నిమిషములు త్రిప్పవలెను. వడపోత చెడినచో ధూళి సిలిండరులో చేరి పిస్టను రింగులను అరుగదీయును. వీటన్నిటికంటె భయంకరమైనది ఆ వాయువే. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మూసిన షెడ్డులో పొయ్యి రాజేసినవాడు తలనొప్పి యనుకొని కూర్చుండి, అట్లే తెలివి తప్పి ప్రాణము విడువవచ్చును. ఆ బస్సులను తలచుకొనునప్పుడు నవ్వుటకే మనకు తీరిక; ప్రయాణికుని గమ్యము చేర్చుటకు ఆ క్లీనరు కుర్రవాడు పీల్చిన గాలిని తలచుకొనువారు తక్కువ.

ఇక కనుమల మాట. ఈ గ్యాసులో సగమునకు పైగా మండని నైట్రోజనే. కావున అదే ఇంజను పెట్రోలుతో ఇచ్చు బలములో నూటికి 30 నుండి 40 పాళ్లు తగ్గిపోవును. చదునునేలపై ఎట్లో నడిచిన బస్సు ఎత్తు రాగానే ఆయాసపడును. ప్రయాణికులు దిగి నడచుట, కొన్నిచోట్ల భుజమిచ్చి త్రోయుట ఆనాటి బస్సు ప్రయాణములలో మామూలు. తిరుమలకు మొదటి ఘాటురోడ్డు ఏర్పడినది 1944లో, అనగా పెట్రోలును బొట్టుబొట్టుగా లెక్కించుకొనుచున్న కాలముననే. కాలినడకకును డోలీకును అలవాటుపడిన కొండకు మోటారుదారి వచ్చుటకు ఇంతకంటె వింతయైన ముహూర్తము దొరకదు.

బొగ్గు ఊరక రాదు. ఒక గాలను పెట్రోలు చేయు పనికి సుమారు 12 మొదలు 15 పౌనుల బొగ్గు కావలెను. మట్టి బట్టీలో ఒక పౌను బొగ్గు దిగవలెనన్న నాలుగైదు పౌనుల కట్టె కాలవలెను. గాలనుకు పది మైళ్లు పోవు బస్సు చిత్తూరు నుండి తిరుపతికి ఒక్కసారి వచ్చుటకు, మా లెక్క ప్రకారము, 200 నుండి 300 పౌనుల కట్టె ఆహుతి కావలసినదే. పెట్రోలు కరువును అడవి తీర్చినది. అడవి కరువును తీర్చువారెవరో ఆనాడు అడిగినవారు అరుదు.

ఈ ఉపాయము మన ఒక్కరిదే కాదు. స్వీడను దేశమున 70 వేలకు పైగా వాహనములు కట్టె గ్యాసుతోను, బొగ్గు గ్యాసుతోను నడిచినవి. అక్కడ పడవలకు కూడ ఈ పొయ్యిలు అమర్చిరి. డీసెలు ఇంజనుల సంగతి మరింత చిక్కు. డీసెలు ఇంజనులో నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు లేదు. గాలిని గట్టిగా నొక్కి వేడెక్కించి, అందులోనికి ఇంజక్షను పంపు నూనెను చిమ్మును. కొందరు మెకానిక్కులు ఆ చిమ్ము సాధనమును ఊడదీసి, దాని తావున ప్లగ్గు బిగించి, నొక్కుడు తగ్గించి, గ్యాసు కలుపు కవాటము పెట్టిరి. మరికొందరు ఇంజక్షనును తీసివేయక, కొంచెము నూనెను మాత్రము చిమ్మించి, దానితోనే గ్యాసును అంటించిరి. రెండవ దారియే తెలివైనదని మా అభిప్రాయము. నూనె మరల దొరకిననాడు విప్పవలసినది తక్కువ.

యుద్ధము ముగిసి పెట్రోలు మరల దొరకగానే బొగ్గు పొయ్యిలు బస్సుల వెనుకనుండి ఊడిపోయినవి. వాటి వెనుకనే డీసెలు బస్సులు వచ్చినవి. 1951లో బెంగళూరున మైకో సంస్థ ఏర్పడి, తరువాత ఇంజక్షను పంపులను మన దేశముననే తయారుచేసినది. రెండవ దారి మాత్రము మరుగున పడలేదు. 1970ల నాటి చమురు సంక్షోభము తరువాత బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సువారు అయిదు గుఱ్ఱపుబలపు డీసెలు పంపుసెట్ల ప్రక్కన కట్టె గ్యాసు పొయ్యి నిలిపి, డీసెలు వాడకమును చాలవరకు తగ్గించి చూపిరి. మన చిత్తూరు బావులపై అప్పటికే కరెంటు మోటార్లు వచ్చి కూర్చున్నవి.