చెట్టు మీద గోటి రాత

ఇంట్లో పిల్లిని పెంచేవారికి దాని గోళ్ళ సంగతి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. పేము కుర్చీ కాలు గాని, ఎండబెట్టిన పరుపు గాని దాని కంటబడిందా, ముందుకాళ్ళు చాచి బరబరా గీకి పారేస్తుంది. గోళ్ళకు పదును పెట్టుకుంటోంది అంటారు పెద్దలు. అసలు సంగతేమిటంటే, పిల్లిగోరు ఉల్లిపాయలా పొరలు పొరలుగా పెరుగుతుంది. అరిగిన పైపొరని ఊడబీక్కోవడానికే ఆ గీకుడంతా. పైగా దాని పాదాల్లో వాసన గ్రంథులున్నాయి. అంటే మన కుర్చీకి అది తన పేరు రాసి పెట్టుకుంటోందన్నమాట!

పెద్దపులి చేసేదీ ఇదే. కుర్చీకి బదులు చెట్టు, అంతే తేడా. వెనక్కాళ్ళ మీద లేచి, మనిషెత్తు దాటి గోళ్ళు దించి కిందికి లాగుతుంది. బెరడు మీద నాలుగు నిలువు చాళ్ళు పడతాయి. అయిదోగోరు పాదానికి కాస్త పైన ఉంటుంది గనక మామూలుగా దాని గీత పడదు. చిరుతపులిదీ ఇదే వరసగాని, దాని గీతలు కొంచెం కిందుగా, సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. ఇంతేనా, తేలికే కదా అనుకునేరు! ఎదిగీ ఎదగని పులిపిల్ల గీసినా చిరుత గీసినట్టే ఉంటుంది. అందుకే తెలిసినవాళ్ళు ఒక్క గీత చూసి తీర్పు చెప్పరు. చెట్టు మొదట్లో అడుగుజాడ వెతుకుతారు, వాసన చూస్తారు, ఒకటి రెండు వెంట్రుకలేమైనా చిక్కుకున్నాయేమోనని బెరడు తడిమి చూస్తారు.

ఎలుగుబంటి వ్యవహారం వేరు. దాని గోళ్ళు మూడంగుళాల దాకా ఉంటాయి, పిల్లిజాతిలా లోపలికి ముడుచుకోవు. తేనెపట్టు కోసం చెట్టెక్కిందంటే మొదలు నుంచి కొమ్మ దాకా కొక్కేలు దించినట్టు గుంటలే. దిగేటప్పుడు జారుతుంది గనక పొడుగాటి గీతలు. పులి సంతకం ఒక్కచోటే ఉంటుంది, ఎలుగు మెట్లు కట్టుకుంటూ పోతుంది. కణుజు తన కొమ్ముల మీది మెత్తటి పొర రాల్చుకోవడానికి చిన్న చెట్లకు రాస్తే బెరడు పీచు పీచుగా వేలాడుతుంది. ఏదుపందైతే మొదట్లో ఉలితో చెక్కినట్టు పళ్ళతో కొరుకుతుంది. అడవిపంది ఒళ్ళు రుద్దుకుని బురద అంటించి పోతుంది.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. చెట్టు ఎత్తు పెరిగేది కొనలో. అందువల్ల ఆరడుగుల ఎత్తున పడ్డ గీత పదేళ్ళయినా ఆరడుగుల దగ్గరే ఉంటుంది, మాను లావెక్కిన కొద్దీ వెడల్పవుతుంది. జిగురు కారుతుంటే కొత్తది. నల్లబడి అంచులు మూసుకుంటుంటే పాతది.

ఈ విద్య నిన్న మొన్నటిది కాదు సుమా. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఏనుగుల అడవిని కాచేవాళ్ళకి ఒక పని చెప్పారు: అవి పడుకున్న చోట్లు, అడుగులు, పేడ, ఏటి ఒడ్డున అవి చేసిన విధ్వంసం చూసి మందలో ఎన్ని ఉన్నాయో తేల్చుకోవాలి. శతాబ్దాలపాటు మరుగున పడి ఉన్న ఆ గ్రంథాన్ని మైసూరులో శ్యామశాస్త్రిగారు 1909లో అచ్చు వేయించారు గనకగాని, లేకపోతే మనకీ కబురే తెలిసేది కాదు.

మన నల్లమలలో ఈ చదువు చెంచులది. చెంచు అనగానే మనకి అంజలీదేవి, నాగేశ్వరరావు నటించిన 1958 నాటి ‘చెంచులక్ష్మి’ గుర్తొస్తుంది కదూ! అసలు చెంచుల బతుకు చూడటానికి 1940లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు భార్య బెట్టీతో సహా అమ్రాబాదు కొండల్లో మకాం పెట్టాడు. 1943లో ఆయన రాసిన పుస్తకం వెలువడింది. దుంపలు, తేనె, ఇప్పపువ్వు తెచ్చుకుని బతికే ఆ జనానికి బెరడు మీది గీత వినోదం కాదు. ఇప్పపువ్వు రాలేది తెల్లవారకముందు. ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని బయల్దేరేదీ అప్పుడే, ఆ పువ్వంటే పడిచచ్చే ఎలుగు వచ్చేదీ అప్పుడే. ఉలిక్కిపడిన ఎలుగు వెనకాముందూ చూడదు, మీద పడుతుంది. దారిలో చెట్టు మీద పచ్చి గుంటలు కనిపిస్తే పెద్దగా మాట్లాడుకుంటూ నడవాలి, లేదా ఇంకో చెట్టు చూసుకోవాలి.

సర్కారువారు కూడా ఈ చదువు మీదే చాలాకాలం ఆధారపడ్డారు. 1966లో ఒరిస్సా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి పులి అడుగుల అచ్చు తీసి లెక్కించే పద్ధతి పెట్టారు. (ఈయనే ఖైరి అనే ఆడపులిని ఇంట్లో కూతురిలా పెంచిన ఆయన. ఆ ఇంటి వంటగది ఎలా ఉండేదో!) 1972లో దేశమంతా లెక్కిస్తే 1,827 తేలాయి. మరుసటేడు ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. 1983లో మన నాగార్జునసాగర్–శ్రీశైలం అడవీ అందులో చేరింది.

కాని అడుగు అబద్ధమాడకపోయినా, లెక్క రాసేవాడు ఆడొచ్చు గదా. రాజస్థాన్‌లోని సరిస్కాలో 2004లో కాగితాల మీద పదిహేనుకు పైగా పులులున్నాయి. 2005లో వెతికి చూస్తే ఒక్కటీ లేదు! వేటగాళ్ళు ఎప్పుడో పట్టుకుపోయారు. పొయ్యి మీద పాలు ఉన్నాయనుకుని నిశ్చింతగా కూర్చున్నట్టయింది, గిన్నె ఖాళీ. దాంతో ఆ పద్ధతి పక్కన పెట్టి, దారుల్లో కెమెరాలు కట్టి చారల బట్టి పులిని గుర్తుపట్టడం మొదలెట్టారు. ఏ రెండు పులుల చారలూ ఒక్కలా ఉండవు. ఆ కొత్త లెక్కలో మొదటిసారి, 2006లో, 1,411 వచ్చాయి. 2022 అంచనా 3,682.

అయితే కెమెరా ఎక్కడ కట్టాలి? అడవంతా కట్టలేం కదా. అందుకని ఇప్పటికీ లెక్కకి ముందు మనుషులు కాలినడకన వెళ్ళి అడుగులు, పెంటికలు, చెట్ల మీది గీతలు రాసుకొస్తారు. నల్లమలలో ఆ నడిచేవాళ్ళలో చెంచులున్నారు. అటవీశాఖ వాళ్ళనే కాపలాకి, జాడ తీయడానికి పెట్టుకుంది. ఫలానా మద్దిచెట్టు దగ్గర మొన్న రాత్రి పులి నిలబడిందని ఒకాయన వేలు పెట్టి చూపిస్తే, ఆ దారి పక్కనే కెమెరా కట్టి వస్తారు.