తావీజు లోపలి కాగితం

నంబులపూలకుంట, కదిరి వైపు మన ఇళ్లలో పిల్లల మెడలో తావీజు కట్టడం పాత రివాజే. చాందీ డబ్బీ అందరికీ కనిపిస్తుంది. నా దిల్‌చస్పీ లోపలి కాగితం మీద. అందులో తరచూ వచ్చేది తొమ్మిది గళ్ల నక్ష్: 4, 9, 2, 3, 5, 7, 8, 1, 6. ఎటు కూడినా 15. మూలల్లో 2, 4, 6, 8 ఉంటాయి. అబ్జద్ లెక్కలో అవి బే, దాల్, వావ్, బడీ హే. కలిపి చదివితే 'బుదూహ్'. కష్టమైన కాన్పుకు ఈ నక్ష్ వాడతారని 1111లో ఇంతెకాల్ అయిన ఇమామ్ గజాలీ రాశారు. చైనావాళ్లకూ ఇది తెలుసు, లోషు అంటారు.

తావీజు జాయెజా, షిర్కా అన్న బహస్ ఉలమాలకే వదిలేస్తున్నా. నా ఫికర్ వేరు. జపాన్‌లో తావీజు లాంటిదే ఒమమొరి, చిన్న గుడ్డ సంచీ. ఏడాదయ్యాక గుడికి తిరిగిచ్చి కాల్చేయడం అక్కడి రివాజు. అయినా పాతవి ఏరి దాచే షౌకీన్లున్నారు. మన దగ్గర డబ్బీ తూకానికి పోయి కరిగిపోతుంది. కాగితాన్ని అదబ్‌గా బావిలోనో మట్టిలోనో కలిపేస్తాం. నియ్యత్ మంచిదే, బేఅదబీ కాకూడదని. కానీ ఆ ఖత్, ఆ స్యాహీ, రాసిన చేతి తరీఖా దాంతోనే పోతాయి. నానీ పెట్టెలో పాతది దొరికితే, కలిపేముందు ఒక ఫొటో తీయండి. ఎవరికి, ఏ మరజ్‌కు కట్టారో నానీనే అడిగి రాసిపెట్టుకోండి.