ప్రాథమిక పాఠశాలల్లో కంప్యూటరు ఆధారిత బోధన

ప్రాథమిక పాఠశాలల్లో కంప్యూటరు ఆధారిత బోధన అనగా ఒకటి నుండి ఐదు తరగతుల పిల్లలకు భాష, గణితం, పరిసరాల విజ్ఞానం వంటి విషయాలను నేర్పడంలో కంప్యూటరును బోధనోపకరణంగా వాడటం. ఇది కంప్యూటరు విద్యకు భిన్నమైనది. కంప్యూటరు విద్యలో యంత్రమే పాఠ్యవిషయం. ఈ విధానంలో అది పాఠానికి సాధనం మాత్రమే. పాఠశాలకు యంత్రాలు చేరినంత మాత్రాన చదువు మెరుగుపడదని, తరగతి బోధనలో వాటికిచ్చే స్థానాన్ని బట్టే ఫలితం ఉంటుందని పలు అధ్యయనాలు చూపించాయి.

చరిత్ర

1960వ దశకంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాట్రిక్ సప్పీస్, రిచర్డ్ అట్కిన్సన్ ప్రాథమిక తరగతుల పిల్లలకు గణితం, పఠనం నేర్పే కంప్యూటరు పాఠాలను రూపొందించారు. ఇటువంటి పాఠాల్లో కంప్యూటరు ప్రశ్న ఇస్తుంది, పిల్లలు జవాబిస్తారు, అది సరైనదో కాదో వెంటనే తెలుస్తుంది.

1967లో సేమూర్ పేపర్ట్, వాలీ ఫర్జీగ్, సింథియా సోలమన్ తదితరులు పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగు భాషను తయారుచేశారు. ఇందులో పిల్లలు తెరపైనున్న తాబేలుకు ఆదేశాలిచ్చి బొమ్మలు గీస్తారు. చతురస్రం గీయడానికి తాబేలును కొంత దూరం నడిపి 90 డిగ్రీలు తిప్పాలి. ఇలా నాలుగుసార్లు చేయాలి. కోణం తప్పితే బొమ్మ కుదరదు. ఆ తప్పును వెతికి సరిదిద్దుకోవడంలోనే పిల్లలు జ్యామితిని గ్రహిస్తారని పేపర్ట్ 1980లో వెలువరించిన మైండ్‌స్టార్మ్స్ గ్రంథంలో వాదించాడు.

భారతదేశంలో 1984లో ప్రారంభమైన క్లాస్ పథకం ఉన్నత పాఠశాలలకు ఉద్దేశించినది. 2001లో మొదలైన సర్వ శిక్షా అభియాన్ కింద ఉన్నత ప్రాథమిక పాఠశాలలకు కూడా కంప్యూటర్లు అందాయి.

అధ్యయనాలు

2000లో గుజరాత్ ప్రభుత్వం వడోదర నగరంలోని 100 పురపాలక ప్రాథమిక పాఠశాలలకు నాలుగేసి కంప్యూటర్లు ఇచ్చింది. వాటిలో చాలావరకు వాడకానికి నోచుకోలేదు. తరువాత ప్రథమ్ సంస్థ కొన్ని పాఠశాలల్లో నాలుగవ తరగతి పిల్లలకు వారానికి రెండు గంటలు, ఒక్కో కంప్యూటరు ముందు ఇద్దరేసి చొప్పున గణితపు ఆటలు ఆడించింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో తదితరులు 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఈ పిల్లల గణితపు మార్కులు మొదటి ఏడాది 0.35, రెండవ ఏడాది 0.47 ప్రామాణిక విచలనాల మేర పెరిగాయి. అయితే కార్యక్రమం ఆగిన ఏడాదికి ఈ లాభం 0.10కి తగ్గిపోయింది.

గుజరాత్‌లోనే జ్ఞానశాల సంస్థ పాఠశాలలపై లీ లిండెన్ చేసిన అధ్యయనంలో (2008) మరొక విషయం బయటపడింది. మామూలు బోధన సమయాన్ని తగ్గించి ఆ వేళలో కంప్యూటరు వాడినప్పుడు పిల్లలు వెనుకబడ్డారు. బడివేళల తరువాత అదనంగా వాడినప్పుడు మాత్రం మెరుగుపడ్డారు. పెరూ దేశంలో పిల్లలకు తలా ఒక ల్యాప్‌టాప్ ఇచ్చే పథకాన్ని 319 గ్రామీణ పాఠశాలల్లో పరిశీలించగా, 15 నెలల తరువాత కూడా గణితంలో గాని భాషలో గాని చెప్పుకోదగ్గ ప్రగతి కనబడలేదు. ఈ ఫలితాలు 2012లో వెలువడ్డాయి.

తరగతి గదిలో వినియోగం

భిన్నాల పాఠాన్ని ముందుగా కాగితాన్ని మడతపెట్టి గాని, రొట్టెను ముక్కలు చేసి గాని చెప్పి, తరువాత కంప్యూటరుపై అభ్యాసం చేయించవచ్చు. ఇద్దరు పిల్లలు ఒకే కంప్యూటరు వాడేటప్పుడు వంతులవారీగా మౌసు అందించాలి. లేనిచో చురుకైనవారే పని చేసి రెండవవారు చూస్తూ ఉండిపోతారు. పిల్లలు ఏ లెక్కల్లో పదేపదే తప్పుతున్నారో గమనించి, ఆ భాగాన్ని నల్లబల్లపై మళ్ళీ వివరించే పని ఉపాధ్యాయునిదే.

తెలుగు మాధ్యమంలో

తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే స్థానం లభించింది. దాని వాడకం వ్యాపించక ముందు ఒక్కో సాఫ్ట్‌వేరుకు ఒక్కో రకమైన ఖతులుండేవి. అందువల్ల ఒక కంప్యూటరులో తయారైన పాఠం, ఆ ఖతి లేని మరొక కంప్యూటరులో చదవరాకుండా ఉండేది. కీబోర్డు వాడకంలో మరో చిక్కు ఉంది. అక్క అనే మాటను చేతితో రాసేటప్పుడు పిల్లలు క కింద ఒత్తు పెడతారు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో మాత్రం రెండు క-ల నడుమ పొల్లు కొట్టాలి. కనుక రాత బాగా వచ్చిన తరువాతే టైపింగు నేర్పడం చిన్నపిల్లలకు సులువు.

2017లో కేంద్ర ప్రభుత్వం దీక్షా వేదికను ప్రారంభించింది. ఆ తరువాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ముద్రించారు. వీటిని ఫోనుతో స్కాన్ చేసి పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు చూడవచ్చు. ఇంట్లో స్మార్ట్‌ఫోను లేని పిల్లలకు వీటి ప్రయోజనం బడిలో ఉపాధ్యాయుడు చూపించినప్పుడే అందుతుంది.